‘ఆయ్’ని ఏమని రాయాలి?

నా చేతిరాత బాగుంటుంది. గొప్పకు చెప్పడం లేదు. ఎక్సైజ్ శాఖలో కానిస్టేబుల్‌గా చేరిన మూడో ఏడే నన్ను స్టేషన్ రైటరుగా కూర్చోబెట్టింది ఆ రాతే. తరమడం, పట్టుకోవడం, సారా కాచే కుండలు పగలగొట్టడం మిగతావాళ్ల పని. వాళ్లు తెచ్చినదాన్ని కాగితం మీద కేసుగా మార్చడం నా పని. ఈమధ్య ఈ ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులో పెద్ద కేసు ఏదైనా చెప్పండి గురువుగారూ" అని అడుగుతుంటారు. ఛేజింగులూ తుపాకులూ ఉంటాయనుకుంటారు కాబోలు. నేను చెప్పగలిగింది ఒక్క మాట గురించే. అది కూడా మాట అనడానికి వీల్లేనంత చిన్నది.

ఆయ్.

మా గోదావరి జిల్లాల వాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. ఎదుట ఉన్నది పెద్దమనిషైతే, ఆయన మాట్లాడుతున్నంతసేపూ మధ్యమధ్యలో మేం ‘ఆయ్’ అంటూ ఉంటాం. కొన్నిసార్లు దానర్థం అవునండి. కొన్నిసార్లు వింటున్నానండి. కొన్నిసార్లు తమరంతటివారు చెప్పాక నేను కాదంటానా అండి. ఏమీ అర్థం కాలేదండి అనడానికీ అదే. మా ఆవిడ కేకలేస్తున్నప్పుడు నేను ఆయ్ అంటే దానికి ఈ నాలుగూ కాని ఇంకో అర్థం ఉంటుంది, అది మీకు చెప్పను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. గంజాయి చట్టం అప్పుడే మారింది. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ శిక్ష వేయడానికి వీల్లేదు. జడ్జిగారికి జాలి కలిగినా సరే, పదేళ్లే. ఇంకో విషయం కూడా చెప్పాలి. అప్పట్లో పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లేది కాదు గానీ మా ఎక్సైజ్ వాళ్లకు ఇచ్చింది చెల్లేది. మేం పోలీసులం కామట. ఖాకీ వేసుకుని, లాఠీ పట్టుకుని, పోలీసులం కామని కోర్టులో చెప్పుకునేవాళ్లం. కాబట్టి నా కలం కింద పడిన వాంగ్మూలం మామూలు కాగితం కాదు. మనిషి పదేళ్లు దాని మీద ఆధారపడి ఉండేవి.

ఆ రోజు పొద్దున్నే గోదావరి వంతెన దాటాక ఒక మొక్కల లారీని ఆపారు మావాళ్లు. కడియం నర్సరీల నుంచి ఉత్తరాదికి వెళ్లే లారీలు రోజూ ఎన్నో పోతుంటాయి, ఎవరూ ఆపరు. దానిమీద మాత్రం ముందే కబురు అందింది. లారీ ఆగడమే ఆలస్యం, డ్రైవరు అటు దూకి అరటితోటల్లో పడి మాయమయ్యాడు. పైన మొక్కల మధ్య ఒక మనిషి మిగిలాడు. నలభై అయిదేళ్లుంటాయి. నర్సరీల్లో మొక్కలు ఎత్తే కూలీ. దూరప్రయాణంలో మొక్కలు వాడిపోకుండా నీళ్లు చల్లడానికి లారీతో పాటు పంపిస్తారు అలాంటివాళ్లను. అతని చేతిలో నీళ్ల డబ్బా ఉందట. దిగమంటే, ఈ వరస తడిపేసి దిగుతానండి అన్నాడట. క్రోటన్ల కింద మూడు గోనెసంచులు దొరికాయి. గంజాయి ఇరవై కిలోలకు బాగా పైనే తూగింది. లారీ కాగితాల్లో ఉన్న యజమాని ఎప్పుడో దాన్ని అమ్మేశాడు, కొన్నవాడి చిరునామాలో పశువుల పాక ఉంది.

అతన్ని స్టేషన్‌కు తెచ్చి, నా బల్లకు ఎదురుగా గోడవార నేలమీద కూర్చోబెట్టారు. వాంగ్మూలం రాద్దామని కాగితాలు సర్దుకుంటున్నాను. ఈలోగా రెండో కేసు వచ్చింది.

అదే దారిలో, అదే జట్టు, ఒక కారును ఆపింది. నడుపుతున్నది భీమవరంలో ఇంజనీరింగు చదివే కుర్రాడు. డిక్కీలో రెండు పెద్ద బ్యాగులు. వాటిలో ఉన్నదీ ఇరవై కిలోలకు పైనే. సరుకు ఒకటే, చట్టం ఒకటే, శిక్ష ఒకటే. తేడా ఏంటంటే కుర్రాడు మా ప్రాంతపు నాయకుడొకాయనకు స్వయానా మేనల్లుడు.

నాయకులంటే నాకప్పటికే భ్రమలు లేవు. మద్యనిషేధం రోజుల్లో, ఆ నిషేధం వర్తించని యానాం వైపు నుంచి వచ్చే పాలక్యాన్లు, కొబ్బరి బోండాల బస్తాలు విప్పి సీసాలు వెతికినవాణ్ణి. నిషేధం కావాలని ఆడవాళ్లను వెంటేసుకుని ఊరేగిన ఒకాయన ఇంటి గేటు ముందే యానాం సరుకుతో బండి దొరికింది ఒకసారి. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న సామెతను అక్కడికే ఆపుతాను, మిగతాది మీకు తెలుసు. కాబట్టి ఈ మేనమామగారు వస్తున్నారని ఫోను రాగానే, కేసు మూసెయ్యమంటారనుకున్నాను. మా సీఐ గారు కూడా అదే అనుకుని ఉంటారు. ఆయన కర్నూలు వైపు మనిషి, ముక్కుసూటి, మా ప్రాంతానికి వచ్చి ఏడాది కాలేదు. "ఏం చెప్పినా సరే, కేసు మాత్రం కట్టాల్సిందేనబ్బా" అని నాతో ముందే అన్నారు.

పెద్దాయన వచ్చారు. వెంట ఎవరూ లేరు. కుర్రాణ్ణి కొట్టబోయారు కూడా, మేమే ఆపాం. తరవాత కుర్చీలో కూర్చుని ఇలా అన్నారు:

"నేనేమీ అడగనండి. కేసు కట్టండి. వాడు చెప్పింది చెప్పినట్టు రాయండి చాలు. ఒక్క ముక్క ఎక్కువొద్దు, ఒక్క ముక్క తక్కువొద్దు."

ముప్పై ఏళ్ల సర్వీసులో మా స్టేషన్ గడపలో నేను విన్న న్యాయమైన మాట అదొక్కటే. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆయన అన్యాయమైనది ఏదైనా అడిగి ఉంటే ఎంత బాగుండేది! తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

సీఐ గారు నావైపు తిరిగి, "విన్నావు కదా, అట్లే రాయి" అన్నారు. రాశాను. కుర్రాడికి కుర్చీ వేశాం. మంచినీళ్లిచ్చాం. అతను ఏడుస్తూ చెప్పినదంతా, ఎక్కడ ఆగాడో, ఎక్కడ మాట మార్చుకున్నాడో కూడా రాశాను. బ్యాగులు స్నేహితుడివని, నర్సీపట్నంలో ఎక్కించాడని, పుస్తకాలూ బట్టలూ అనుకున్నానని, జిప్పు తియ్యలేదని. "పుస్తకాలంటే ఏ పుస్తకాలనుకున్నారు?" అని సీఐ గారు అడిగితే, "పాత సెమిస్టరువండి" అన్నాడు. అదీ రాశాను. నాలుగు కాగితాలు అయ్యాయి. చదివి వినిపిస్తే, ‘స్నేహితుడు’ అన్నచోట ‘పరిచయస్తుడు’ అని మార్చమన్నాడు. మార్చి, పక్కన పొట్టి సంతకం చేయించాను. అంత శుద్ధంగా నేను అంతకు ముందు ఏ కేసూ రాయలేదు.

ఆ పని అయ్యేసరికి మధ్యాహ్నం మూడయింది. ఎవరమూ భోజనాలు చెయ్యలేదు. అప్పుడు గుర్తొచ్చాడు గోడవార మనిషి. పొద్దుటి నుంచీ కాళ్లు ముడుచుకుని అక్కడే ఉన్నాడు.

"మూటల మీద కూర్చుని వస్తున్నది నువ్వేనా?" అని సీఐ గారు అడిగారు.

"ఆయ్."

"లారీలో ఇంకెవరూ లేరు?"

"ఆయ్."

"ఆ మూటల్లో ఏముందో నీకు తెలుసునా?"

"ఆయ్."

సీఐ గారు నన్ను చూసి, "ఏమంటాడు?" అన్నారు. ఆయనకు మా యాస తెలియదు, తప్పు పట్టను. నాకు తెలుసు. నేను పుట్టి పెరిగింది ఆ మాటలోనే.

"తెలుసంటున్నాడు సార్" అన్నాను. ‘తెలుసు’ అని రాశాను.

అప్పుడతను "యాపపిండన్నారండి. మొక్కలకి ఏత్తారు గదండి, అదేనన్నారండి" అన్నాడు.

సీఐ గారు అప్పటికే లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్తున్నారు. "సరే, ముగించు" అన్నారు. నేను కలం మూత పెట్టాను. వేపపిండి కాగితం మీదకు రాలేదు. చివర్లో మామూలుగా రాసేది రాశాను, ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాడు’ అని. చదవనూ లేదు, వినిపించనూ లేదు. వేలిముద్ర వేయించాను. మొత్తం తొమ్మిది పంక్తులు.

అతని మీద నాకు కోపం లేదు, ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆకలేసింది, అంతే. పైగా నేను రోజూ రాసే పద్ధతి అదే. ఆరోజు అసాధారణంగా రాసింది కుర్రాడి కాగితాలు. ఈ తేడా మీరు గమనించాలి, ఎందుకంటే నాకు దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇప్పటికీ తెలియదు.

రెండు వారాల తరవాత మా ఊళ్లో మత్తుపదార్థాలకు వ్యతిరేకంగా ర్యాలీ జరిగింది. బడిపిల్లలు అట్టలు పట్టుకుని నడిచారు. సభకు అధ్యక్షత ఆ మేనమామగారిదే. లారీని పట్టినందుకు మా స్టేషన్ వాళ్లను వేదిక మీదకు పిలిచి శాలువాలు కప్పారు. కేసు పక్కాగా రాశానని సీఐ గారు చెప్పడంతో నాకూ ఒకటి దక్కింది. కారు సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన మైకు ముందు ఊగిపోయారు. "గంజాయి మోసినోడు ఎవడైనా సరే, జాలిపడొద్దు! పదేళ్లు చాలవంటాన్నేను. ఉరి తియ్యాలి!" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నటిస్తున్నాడనుకోవడానికి లేదు, నేను దగ్గరగానే ఉన్నాను. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. మేనల్లుణ్ణి తలుచుకుంటున్నాడో, మేనల్లుణ్ణి పాడుచేసినవాళ్లను తలుచుకుంటున్నాడో, లేక ఆ క్షణానికి మేనల్లుడే గుర్తులేడో. మనిషి తన ఇంటివాడి కోసం న్యాయం అడిగి, ఊరివాడి కోసం ఉరి అడిగినప్పుడు రెండూ మనస్ఫూర్తిగానే అడగగలడని నాకప్పటిదాకా తెలియదు. శాలువా మెడ మీద గుచ్చుకుంటూ ఉంది. నేనూ చప్పట్లు కొట్టాను.

కుర్రాడి కేసు కోర్టు దాకా వెళ్లేసరికి రూపం మారింది. నాలుగు కాగితాల వాంగ్మూలం చదివినవాళ్లెవరికైనా అతను అమాయకుడనే అనిపిస్తుంది. దాంతో కనబడని ఆ పరిచయస్తుడు ముద్దాయి అయ్యాడు, కుర్రాడు సాక్షి అయ్యాడు. ఆ ఛార్జిషీటు కూడా నేనే రాశాను. ఆ పరిచయస్తుణ్ణి నాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అతనికి కోర్టులో ఒక నంబరు ఉంది, మనిషి మాత్రం లేడు.

కూలీ కేసు ఏడాదిన్నరకు విచారణకు వచ్చింది. అతని తరఫున లాయరు పెట్టుకునే స్తోమతు లేదు కాబట్టి కోర్టువారే ఒక లాయరమ్మను ఇచ్చారు. చిన్నవయసు, నెమ్మదైన గొంతు. బోనులో నిలబడ్డ నన్ను ఆవిడ మొదట చేతిరాత గురించి మెచ్చుకుంది. నేను సంతోషించాను. అప్పుడే అనుమానించాల్సింది.

"ఇందులో ‘తెలుసు’ అని ఉందండి. ముద్దాయి నోటితో అన్నమాట అదేనాండి?"

"ఆయ్" అన్నాను.

అనుకోకుండా వచ్చింది. కోర్టు హాల్లో గుమస్తాలు కిసుక్కున నవ్వారు. లాయరమ్మ నవ్వలేదు.

"ఇప్పుడు మీరన్నదాన్ని నేనేమని రాసుకోవాలండి? అవుననా, వింటున్నాననా?"

"అవుననండి" అన్నాను.

"ఆ మాట తరవాత అతను ఇంకేమైనా అన్నాడాండి?"

ముద్దాయిల బోను నాకు కుడిచేతి వైపు పది అడుగుల్లో ఉంది. అతను నన్నే చూస్తున్నాడు. ఆశగానో కోపంగానో కాదు, పంతులుగారు ఎవరో కష్టమైన లెక్క చేస్తుంటే చూస్తున్నట్టు చూస్తున్నాడు. వేపపిండి అన్న మాట నా నాలుక మీద ఉంది. అంటే ఏమవుతుంది? చదివి వినిపించానని రాసింది అబద్ధమని తేలుతుంది. నా కాగితాలన్నీ, అప్పటిదాకా రాసిన కేసులన్నీ అనుమానంలో పడతాయి. సీఐ గారు వెనక బల్ల మీద కూర్చుని ఉన్నారు. నా ఉద్యోగం నాకు అడ్డొచ్చింది. ఇంతకన్నా మర్యాదైన కారణం ఏదైనా ఉందేమోనని ఏళ్ల తరబడి వెతికాను, లేదు.

"గుర్తులేదండి" అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, "నో ఫర్దర్ క్వశ్చన్స్" అని కూర్చుంది.

తీర్పు రోజున నేను వెళ్లాల్సిన పని లేదు. వెళ్లాను. జడ్జిగారు ఇంగ్లీషులో చదివారు. బయట వరండాలో ఒకావిడ నా దగ్గరకొచ్చింది, అతని భార్య. నా యూనిఫారం చూసి వచ్చింది, నేనెవరో ఆవిడకు తెలియదు.

"బాబుగారూ, ఏమన్నారండి లోపల?"

"పది" అన్నాను.

"పది నెల్లాండి?" అంది.

పదేళ్లమ్మా అని చెప్పవలసి వచ్చింది. ఆవిడ ఏడవలేదు. నేను పొరబడ్డానేమో అన్నట్టు లోపలికి వెళ్లి ఇంకొకర్ని అడిగింది. ఆ సాయంత్రం శాలువా తీసి మా ఇంటి పనావిడకు ఇచ్చేశాను. అది పశ్చాత్తాపం అనుకునేరు, దాన్ని చూడలేక ఇచ్చాను.

అరెస్టయిన ఆరేళ్లకు హైకోర్టు అతన్ని వదిలేసింది. నా తప్పు బయటపడి కాదు. ల్యాబుకు పంపిన శాంపిలు కవరు మీద సీలు అక్షరం స్పష్టంగా లేదట. సీలు వేసింది నేను కాదు. ఒక మనిషిని లోపలికి పంపింది నేను రాసిన మాట, బయటికి తెచ్చింది ఎవరో సరిగా నొక్కని లక్క. ఇందులో న్యాయం ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లెవరైనా ఉంటే నాకు ఉత్తరం రాయండి.

ఆ ఏడే నేను రిటైరయ్యాను. మూడు నెలలు ఇంట్లో కూర్చుని, ఇక ఆగలేక, వాకబు చేసుకుంటూ కడియం వెళ్లాను. చిన్న నర్సరీలో గులాబీ అంట్లకు పైపుతో నీళ్లు పెడుతున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. పైపు కింద పెట్టి, తలగుడ్డ విప్పి, దండం పెట్టాడు. అది చూసి నాకు ఇంకా సిగ్గేసింది. వచ్చేటప్పుడు బస్సులో తయారు చేసుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఆరోజు నువ్వు వేపపిండి అన్నావు. విన్నాను. రాయలేదు. కోర్టులో లాయరమ్మ అడిగినప్పుడు కూడా గుర్తుంది. గుర్తులేదని అబద్ధం ఆడాను. నావల్ల ఆరేళ్లు పోయాయి నీకు. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు, చెప్పిపోదామని వచ్చాను."

అతను ఇబ్బందిపడ్డాడు. అటూ ఇటూ చూసి, ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"అది యాపపిండి కాదండి. నాకు తెలుసండి."

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను.

"బస్తా ఎత్తినప్పుడే తెలిసిపోయిందండి. యాపపిండి బస్తా నడుం ఇరిచేత్తదండి. ఇరవయ్యేళ్లు మోశానండి, ఆ మాత్రం తెలీదాండి? ఇది ఇట్టే లేచిపోయిందండి. మా కూలీల మేస్త్రీ మాట్లాడకుండా ఎక్కమన్నాడండి. ఎక్కానండి."

అంటే ఆరోజు నేను ఆకలి వేసి, తొందరపడి, అన్యాయంగా రాసిన ‘తెలుసు’ అన్న మాట నిజం. ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఎంతో న్యాయంగా రాసిన కుర్రాడి నాలుగు కాగితాల్లో నిజమెంతో మరి! పక్కనే ఉన్న మట్టికుండీ బోర్లించి దానిమీద కూర్చున్నాను.

"మరి వేపపిండి అని ఎందుకు చెప్పావయ్యా?"

"ఆ బాబు చెప్పింది ఇన్నానండి. నేనక్కడే గోడకాడ కూకున్నాను గదండి. పుస్తకాలనుకున్నానన్నాడండి. తమరూ సీఐ గారూ ఎంత బాగా ఇన్నారండి, అంతా రాశారండి, మళ్లీ చదివారండి. ఓహో, ఇక్కడ ఇలాగ చెప్పాలి కాబోలనుకున్నానండి. నాకు పుస్తకాలంటే బాగోదు గదండి, అందుకని యాపపిండన్నానండి."

పైపులోంచి నీళ్లు పారి గులాబీల గట్టు దాటిపోతున్నాయి. అతను వంగి దాన్ని పక్క వరసలోకి మళ్లించాడు. తరవాత, చాలాకాలంగా అడగాలనుకుని అడిగేవాడు దొరకనట్టు, నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నేను చెప్తుంటే తమరు కలం మూసేశారండి. నేనేదో తప్పు చెప్పాననుకున్నానండి. జైల్లో ఆరేళ్లూ అదే ఆలోచనండి. ఆ బాబు చెప్పినదాంట్లో ఉన్నదీ, నేను చెప్పినదాంట్లో లేనిదీ ఏంటండీ?"

జవాబు నాకు తెలిసే ఉంటుందనుకుని, నా మొహంలోకి చూస్తూ అలాగే కూర్చున్నాడు.